యుద్ధరంగ పరిచర్య - స్త్రీల హక్కు: ఖైబర్ నుండి ఇస్తాంబూల్ దాకా

యమామా ప్రాంతంలో ఖారిజీల నాయకుడుగా ఉండిన నజ్దా బిన్ ఆమిర్ ఒకప్పుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) గారికి లేఖ వ్రాసి అయిదు విషయాలు అడిగాడు. దైవప్రవక్త (స) యుద్ధయాత్రలకు స్త్రీలను వెంట తీసుకువెళ్ళేవారా? వారికి యుద్ధప్రాప్తిలో, అంటే మాలె గనీమత్‌లో, వాటా నిర్ణయించేవారా? మొదటి రెండు ప్రశ్నలు ఇవి. తెలిసిన విద్యను దాచిన దోషం వస్తుందేమోనన్న సంకోచం లేకపోతే ఆ మనిషికి జవాబే వ్రాసి ఉండనని ఇబ్నె అబ్బాస్ (రజి) అన్నారట. అయినా జవాబు వ్రాశారు. స్త్రీలు వెళ్ళేవారు, క్షతగాత్రులకు చికిత్స చేసేవారు, యుద్ధప్రాప్తి నుండి వారికి కొంత ఇచ్చేవారు. నిర్ణీతమైన వాటా మాత్రం ఉండేది కాదు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది.

ఫిఖ్హ్ పండితులు ఈ రెంటినీ వేరు వేరు మాటలతో పిలిచారు. నిర్ణీతమైన వాటా ‘సహ్మ్’. నాయకుడు తన విచక్షణ ప్రకారం ఇచ్చేది ‘రద్ఖ్’. సహ్మ్ పొందవలసినవాడు దానిని అడిగి తీసుకోగలడు, ఇవ్వకపోతే ఫిర్యాదు చేయగలడు. రద్ఖ్ పొందేవారు ఇచ్చినది స్వీకరిస్తారు. పండితులలో అత్యధికులు ఇబ్నె అబ్బాస్ మాటనే ప్రమాణంగా తీసుకున్నారు. సిరియా పండితుడు ఇమామ్ ఔజాయీ మాత్రం ఖైబర్‌లో దైవప్రవక్త (స) స్త్రీలకు కూడా వాటా ఇచ్చారనే అభిప్రాయంతో ఉన్నారు.

ఆ అభిప్రాయానికి దగ్గరగా ఉన్న ఒక ఉల్లేఖనం అబూ దావూద్ గ్రంథంలో కనబడుతుంది. హిజ్రీ 7వ సంవత్సరంలో ఖైబర్ యాత్రకు ఆరుగురు స్త్రీలు తామంతట తామే బయలుదేరారు. ఎవరి అనుమతితో వచ్చారని దైవప్రవక్త (స) ఆగ్రహంతో అడిగారు. ఉన్ని వడుకుతాము, గాయాలకు మందు మా దగ్గర ఉంది, బాణాలు అందిస్తాము, సత్తుపిండి కలిపి త్రాగడానికి ఇస్తాము అని వారు విన్నవించుకున్నారు. సరే, ఉండమన్నారు. ఖైబర్ జయించిన తరువాత పురుషులకు ఇచ్చినట్లే మాకూ వాటా ఇచ్చారని ఆ ఆరుగురిలో ఒకామె తన మనుమడికి చెప్పింది. ఏమిచ్చారు నాయనమ్మా అని అతడు అడిగితే, ఖర్జూరాలు అన్నది. ఈ ఉల్లేఖన పరంపరలో బలహీనత ఉన్నదని హదీసు విమర్శకులు చెప్పారు. అయినప్పటికీ, తమకు లభించినది వాటాయే అని చెప్పుకోవాలన్న ఆ వృద్ధురాలి పట్టుదల గమనించదగినది.

ఇటువంటి స్త్రీలు ఒకరిద్దరు కాదు. ఉహుద్ నాడు హజ్రత్ ఆయిషా, ఉమ్మె సులైమ్ (రజి) నీటి తిత్తులు వీపున మోసుకుని క్షతగాత్రుల నోట నీరు పోశారు. సైనికులకు నీరివ్వడం, గాయపడినవారినీ మరణించినవారినీ మదీనాకు చేర్చడం తాము చేసిన పని అని రుబయ్యిఅ బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పారు. ఉమ్మె అతియ్యా (రజి) ఏడు యుద్ధయాత్రలలో పాల్గొని వెనుక శిబిరంలో ఉండి వంట చేశారు, రోగులను చూసుకున్నారు. హిజ్రీ 5వ సంవత్సరంలో కందక యుద్ధంలో సఅద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలినప్పుడు ఆయనను మస్జిదె నబవీలోని ఒక గుడారంలో ఉంచారు. ఆ గుడారం అస్లమ్ తెగకు చెందిన రుఫైదా అనే స్త్రీది. దిక్కులేని క్షతగాత్రులకు పుణ్యార్థం చికిత్స చేసేది ఆమె అని ఇబ్నె ఇస్‌హాక్ వ్రాశాడు.

ఈ కాలపు రచనలలో రుఫైదాకు ఒక శిక్షణాలయం, శిష్యురాళ్ళు, నియమావళి కూడా ఆపాదించడం పరిపాటి అయింది. ప్రాచీన చరిత్రకారులు చెప్పినది కొద్ది వాక్యాలే. మస్జిదులో ఒక స్త్రీ గుడారం వేసుకుని పరపురుషుల గాయాలు కడిగింది, దైవప్రవక్త (స) అక్కడికి వచ్చి రోగిని పరామర్శించి వెళ్ళేవారు అన్న ఒక్క విషయమే చాలినంత గొప్పది. లేనిదానిని దానికి కలపనక్కరలేదు.

యుద్ధంలో సేవ చేసిన స్త్రీకి దక్కేది నాయకుడి దయయా, ఆమె హక్కా? ఈ ప్రశ్న మదీనాతో ముగిసిపోలేదు. పన్నెండు శతాబ్దాల తరువాత ఉస్మానియా ఖిలాఫత్ రాజధానికి ఎదురుగా, జలసంధి ఆవలి ఒడ్డున, మరొక మతం వారి స్త్రీల విషయంలో మళ్ళీ తలెత్తింది.

ఉస్కుదార్ బ్యారక్సు

1853లో రష్యాకు, ఉస్మానియా రాజ్యానికి యుద్ధం మొదలయింది. 1854 మార్చిలో బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు తుర్కుల పక్షాన చేరాయి. ఇది చరిత్రలో క్రిమియా యుద్ధంగా ప్రసిద్ధి. ఇస్తాంబూల్‌కు ఎదుటి తీరంలోని ఉస్కుదార్‌లో ఉన్న సలీమియా సైనిక బ్యారక్సును తుర్కీ ప్రభుత్వం బ్రిటిషు సైన్యానికి అప్పగించింది. ఉస్కుదార్‌నే ఇంగ్లీషువారు స్కుటారి అన్నారు. నల్లసముద్రం దాటించి తెచ్చిన రోగులనూ క్షతగాత్రులనూ ఆ బ్యారక్సులో పడుకోబెట్టారు. పడకలు లేవు, దుప్పట్లు లేవు, కట్టు కట్టే గుడ్డ లేదు. లండన్ ‘టైమ్స్’ పత్రికలో ఈ సంగతులు అచ్చయ్యేసరికి ఆ దేశంలో గగ్గోలు పుట్టింది. ఫ్రెంచి సైన్యానికి క్రైస్తవ సన్యాసినులు పరిచర్య చేస్తుండగా మన సైనికులకు ఎవరున్నారని అక్కడి జనం అడిగారు.

యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మేరకు ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది స్త్రీలతో 1854 నవంబరు 4న స్కుటారి చేరింది. ఆ 38 మందిలో 24 మంది మతసంస్థలకు చెందినవారు, 14 మంది ఆసుపత్రులలో కూలికి పనిచేసిన నర్సులు. ఆనాటి ఇంగ్లండులో ఆసుపత్రి నర్సు అంటే గౌరవం లేదు. మరే పనీ దొరకని స్త్రీ చేరే పని అది. తాగుబోతులన్న అపవాదు కూడా ఉండేది. అందువల్ల నైటింగేల్ తనతో వచ్చినవారి చేత ఒప్పందం వ్రాయించుకుంది. వారికి జీతం ఉంది, ఏకరూప దుస్తులు ఉన్నాయి, తన ఆజ్ఞకు లోబడి ఉండాలన్న షరతు ఉంది.

సైనిక వైద్యులు మొదట వారిని వార్డులలోనికి రానివ్వలేదు. ఆమె వాదించలేదు. వైద్యుడు పిలిచే వరకు ఎవరూ రోగి దగ్గరకు పోరాదని తన స్త్రీలనే కట్టడి చేసి గుడ్డలు కుట్టిస్తూ కూర్చుంది. కొద్ది రోజులలోనే ఇంకర్‌మాన్ యుద్ధంలో గాయపడినవారు ఓడల కొద్దీ వచ్చి పడ్డారు. వైద్యులే పిలిచారు.

దీపం పట్టుకుని రాత్రిపూట వార్డులలో తిరిగిన దేవతగా ఆమె బొమ్మ ఇంగ్లండంతటా వ్యాపించింది. అంకెలు మాత్రం మరొక కథ చెబుతాయి. ఆమె వచ్చిన తరువాతి చలికాలంలో మరణాలు తగ్గలేదు, పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు చేరినవారిలో నూటికి 42 మంది చనిపోయారు. గాయాలతో చనిపోయినవారు తక్కువ. విరేచనాలు, కలరా, జ్వరాలు ఎక్కువమందిని తీసుకుపోయాయి. మార్చిలో ఇంగ్లండు నుండి పారిశుధ్య సంఘం వచ్చి చూస్తే, బ్యారక్సు అడుగున ఉన్న మురుగు కాలువలు పూడిపోయి, ఆ కుళ్ళంతా పైకి చేరుతున్నదని తేలింది. కాలువలు బాగుచేయించారు, గోడలకు సున్నం కొట్టించారు, గాలి వచ్చే మార్గాలు తెరిపించారు. జూను నాటికి మరణాలు నూటికి 2కు దిగాయి. ఇంటికి తిరిగివెళ్ళిన తరువాత నైటింగేల్ ఈ లెక్కలను గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి పరిశీలించి, తాను దగ్గరుండి చూసిన మరణాలలో అధికభాగం నివారించదగినవేనని గ్రహించింది. ఆ మీదట తన జీవితంలో చాలా భాగాన్ని ఆమె లెక్కలకు, నివేదికలకు, ఆసుపత్రి కట్టడాల నమూనాలకు వెచ్చించింది. ఆమె పేరు చెప్పగానే దీపం గుర్తుకు తెచ్చుకునేవారు ఈ కాలువలను కూడా గుర్తు పెట్టుకోవడం న్యాయం.

ఆమె సేవకు కృతజ్ఞతగా ప్రజలు, సైనికులు కలిసి సుమారు 45,000 పౌనులు చందా వేశారు. ఇది రద్ఖ్ వంటిదే. ఎవరూ అడగని బహుమానం. ఆమె దానిని తన కోసం ఉంచుకోకుండా 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం నెలకొల్పడానికి వినియోగించింది. నర్సు వృత్తిలో వచ్చిన నిజమైన మార్పు అక్కడ జరిగింది. నేర్చుకోవలసిన పాఠం, దానికి గడువు, నడవడిని గురించిన నమోదు, నర్సుల మీద వైద్యుడికి కాక మరొక స్త్రీకే అధికారం అన్నవి ఏర్పడ్డాయి. అక్కడ నేర్చినవారు ఇతర ఆసుపత్రులకు వెళ్ళి అవే పద్ధతులు ప్రవేశపెట్టారు. యోగ్యమైన కుటుంబాల అమ్మాయిలు జీతానికి పనిచేయడం తలవంపు కాని వృత్తి ఒకటి పుట్టింది.

అదే యుద్ధంలో జమైకా ద్వీపానికి చెందిన మేరీ సీకోల్ అనే మిశ్రమజాతి స్త్రీ కూడా పనిచేసింది. కలరా వైద్యంలో ఆమెకు మంచి అనుభవం ఉంది. లండన్ వెళ్ళి నర్సుగా తీసుకోమని అడిగితే తీసుకోలేదు. స్వంత ఖర్చుతో క్రిమియా చేరి, బాలక్లావా దగ్గర భోజనశాల నడుపుతూ సైనికులకు మందులిచ్చింది. యుద్ధం హఠాత్తుగా ముగిసేసరికి సరుకంతా మిగిలిపోయి దివాలా తీసింది. ఆమె గౌరవార్థం వినోద ప్రదర్శనలు జరిపి ధనం సేకరించారు. బహుమానం ఆమెకూ దక్కింది; శిక్షణాలయం, రిజిస్టరు, వారసులు మాత్రం దక్కలేదు. ఒక శతాబ్దానికి పైగా ఆమె పేరు కూడా మరుగున పడింది.

హక్కుల విషయంలో నైటింగేల్ వైఖరి పాఠకులకు ఆశ్చర్యం కలిగించవచ్చు. 1867లో జాన్ స్టూవర్ట్ మిల్ స్త్రీల ఓటుహక్కు సంఘంలో చేరమని ఆహ్వానిస్తే, స్త్రీలకు ఓటు కన్న ముందు తీరవలసిన బాధలున్నాయని ఆమె మొదట నిరాకరించింది, తరువాత చేరింది. నర్సుల పేర్లు ప్రభుత్వ రిజిస్టరులో చేర్చాలన్న ఉద్యమాన్ని కూడా వ్యతిరేకించింది. మంచి నర్సును పరీక్ష తేల్చలేదని ఆమె వాదం. ఆ వాదంలో సత్యం లేకపోలేదు. కాని రిజిస్టరు లేనిచోట నేర్చిన నర్సుకూ నేర్వని నర్సుకూ చట్టం దృష్టిలో భేదం లేదు, జీతం కోసం గట్టిగా అడగడానికి ఆధారమూ లేదు. బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అనే ఆమె 1887లో నర్సుల సంఘం స్థాపించి దీనికై ముప్పై ఏళ్ళు పోరాడింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత, 1919లో గాని బ్రిటన్‌లో నర్సుల రిజిస్ట్రేషను చట్టం కాలేదు.

ఓటు సంగతి మరీ విచిత్రం. యుద్ధంలో స్త్రీలు చేసిన సేవకు ప్రతిఫలంగా 1918లో బ్రిటన్ ఓటు ఇచ్చిందని పుస్తకాలలో చదువుతాము. ఆ చట్టం ప్రకారం ఓటు వచ్చినది 30 ఏళ్ళు నిండి, ఆస్తి అర్హత ఉన్న స్త్రీలకు. ఫ్రాన్సులో, సలోనికాలో, మెసపొటేమియాలో గాయాలు కడిగిన స్వచ్ఛంద నర్సులలో ఎందరో ఇరవైలలో ఉన్న అమ్మాయిలు. ఏ సేవ పేరుతో ఓటు వచ్చిందో ఆ సేవ చేసిన చేతులకు అది అందలేదు. పురుషులతో సమానంగా 21 ఏళ్ళకే ఓటు 1928లో వచ్చింది.

జలసంధి ఈవలి ఒడ్డు

నైటింగేల్ వార్డుల నుండి చూస్తే ఇస్తాంబూల్ మస్జిదుల మీనార్లు కనబడతాయి. అంత దగ్గరలో ఇంత జరిగినా తుర్కీ స్త్రీలు ఆసుపత్రులలో నర్సులుగా అడుగు పెట్టడానికి దాదాపు అరవై ఏళ్ళు పట్టింది. తుర్కీ సైనికులను చూసుకున్నది మగ పరిచారకులు.

ముస్లిం ప్రపంచంలో శిక్షణ పొందిన స్త్రీలే లేరనుకోవడం పొరపాటు. నైటింగేల్ శిక్షణాలయానికి 28 ఏళ్ళ ముందే, 1832లో, ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ ఫ్రెంచి వైద్యుడు క్లోత్ బే ఆధ్వర్యంలో స్త్రీల వైద్యపాఠశాల తెరిపించాడు. అందులో నేర్చినవారిని ‘హకీమా’ అనేవారు. కాన్పులు చేయడం, మశూచి టీకాలు వేయడం వారి పని. ప్రభువు ఉద్దేశం స్త్రీల ఉద్ధరణ కాదు. తన సైన్యానికి ఆరోగ్యవంతులైన మగవారు కావాలి. మొదట ఏ కుటుంబమూ ఆడపిల్లను పంపకపోతే నీగ్రో, హబషీ బానిస పిల్లలను కొని చేర్చారు. చదువు ముగించిన హకీమాకు సైన్యంలో రెండవ లెఫ్టినెంటుకు సమానమైన హోదా, జీతం ఇచ్చారు. ప్రభుత్వమే ఒక వైద్యాధికారిని చూసి పెళ్ళి కూడా చేసేది. హోదా ఉంది, జీతం ఉంది, తన ఇష్టం మాత్రం లేదు. ఇస్తాంబూల్‌లో కూడా 1840 దశకంలో మంత్రసానులకు వైద్యపాఠశాలలో పాఠాలు ప్రారంభమయ్యాయి. కాని ఇదంతా స్త్రీలు స్త్రీలకు చేసే వైద్యం. పరపురుషుడి గాయానికి కట్టు కట్టడం వేరే విషయంగా ఉండిపోయింది. రుబయ్యిఅ, ఉమ్మె అతియ్యా (రజి)ల ఉల్లేఖనాలను మద్రసాలలో చదివి వినిపించే సమాజంలోనే ఇది జరిగింది.

ఆ అడ్డు తొలగించినది ఒక ఓటమి. గాయపడిన సైనికుల సహాయానికి ఉస్మానియా రాజ్యంలో 1868లోనే ఒక సంఘం ఏర్పడింది. రష్యాతో 1877-78 యుద్ధంలో అది శిలువకు బదులు ఎర్ర నెలవంకను చిహ్నంగా పెట్టుకుని పనిచేసింది. ఇదే హిలాలె అహ్మర్. 1911లో దానిని పునర్వ్యవస్థీకరించి, 1912లో స్త్రీల శాఖను ఏర్పరచారు. ఆ ఏడాది అక్టోబరులో బల్కాన్ రాజ్యాలు నాలుగూ ఒక్కటై మీద పడ్డాయి. కొద్ది వారాలలో ఐరోపాలోని తుర్కీ ప్రాంతాలు దాదాపు అన్నీ పోయాయి. ముహాజిర్లు ఎడ్లబండ్ల మీద రాజధానికి వచ్చి చేరారు. సైన్యంలో కలరా వ్యాపించింది. అయా సోఫియా మస్జిదులో కూడా కలరా రోగులను పడుకోబెట్టవలసి వచ్చింది. ఆ స్థితిలో ఎవరి చేయి ఎవరి గాయాన్ని తాకుతున్నదన్న తర్కం నిలవలేదు.

స్త్రీలను ఇందుకు సిద్ధం చేసినవాడు డాక్టర్ బసీమ్ ఉమర్ పాషా. ప్రసూతి వైద్యంలో ఆయన దేశంలోకెల్లా పేరు పొందినవాడు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సభలలో తుర్కీ ప్రతినిధిగా పాల్గొని ఇతర దేశాల నర్సులను చూసి వచ్చాడు. గొప్ప కుటుంబాల స్త్రీలను కూర్చోబెట్టి ఆయన నర్సు పని గురించి పాఠాలు చెప్పాడు. ఇంట్లో తల్లికీ బిడ్డకీ వైద్యం చేసి విశ్వాసం సంపాదించిన మనిషి కాబట్టి ఆ కుటుంబాలు ఆయన మాట విన్నాయి. బయటివాడు ఎవరైనా చెప్పి ఉంటే వినేవారా అన్నది సందేహమే. ఆ తొలి నర్సులలో సఫియా హుసేన్ ఒకరు. నౌకాదళాధికారి కుమార్తె. బల్కాన్ యుద్ధంలో ఆసుపత్రులలో పనిచేసి, 1915లో చనక్కలె యుద్ధం నాడు రషీద్ పాషా అనే ఆసుపత్రి ఓడలో నర్సులకు పెద్దగా ఉండి, గాయపడినవారిని రాజధానికి చేర్చే పనిలో పాల్గొన్నారు.

ఈ యుద్ధకాలంలోనే హిందూస్తాన్ నుండి డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వాన ఒక వైద్యబృందం తుర్కీకి వెళ్ళింది. అన్సారీ మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, నిజాం ప్రభుత్వపు స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండు వెళ్ళి శస్త్రవైద్యం నేర్చినవారు. మౌలానా ముహమ్మద్ అలీ ‘కామ్రేడ్’ పత్రిక ద్వారా చందాలు పోగుచేశారు. 1912 డిసెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కిన బృందం 1913 వేసవి దాకా పనిచేసి తిరిగి వచ్చింది. బృందంలో పేరు నిలిచినవారందరూ పురుషులే. ఇక్కడి స్త్రీలు నగలు తీసి చందాగా ఇచ్చారు. అక్కడి స్త్రీలు వార్డులలో నిలబడ్డారు.

ఓటు లెక్కలో స్త్రీలు

1914 నుండి 1918 దాకా జరిగిన మహాయుద్ధంలో తుర్కీ స్త్రీకి కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. 1914లో స్త్రీలకు వేరుగా ఉన్నత విద్యాలయం ఏర్పడింది. 1916లో స్త్రీలకు పని చూపించడానికి ఒక ఇస్లామీ సంఘం ప్రారంభమయింది. 1917లో వచ్చిన కుటుంబ చట్టం వివాహ వయస్సును నిర్ణయించి, భర్త మరొక వివాహం చేసుకోరాదన్న షరతును నికాహ్ సమయంలో పెట్టుకునే అవకాశం స్త్రీకి ఇచ్చింది. ఫిఖ్హ్‌లో హంబలీ పండితులు ముందు నుండీ అంగీకరించిన విషయమే ఇది. రాజ్యంలో నడిచిన హనఫీ న్యాయంలో లేదు. వైద్యకళాశాలలో స్త్రీలను చేర్చుకోవడం 1922లో మొదలయింది.

యుద్ధం అక్కడితో ఆగలేదు. గ్రీకు సైన్యాలు అనతోలియాలో ప్రవేశించాయి. ప్రసిద్ధ రచయిత్రి ఖాలిదా అదీబ్ ఖానమ్ బల్కాన్ యుద్ధకాలంలోనే తన స్త్రీల సంఘం ద్వారా ఆసుపత్రి సేవలో పాల్గొన్నవారు. 1921లో ఆమె ఎస్కిషహర్‌లో హిలాలె అహ్మర్ నర్సుగా పనిచేశారు. తరువాత సైన్యంలో చేరి, సకార్యా యుద్ధం నాటికి చిన్న హోదా గల సైనికురాలుగా సేనాధిపతి కార్యాలయంలో ఉన్నారు. దాదాపు పధ్నాలుగేళ్ళ తరువాత, 1935లో, అదే డాక్టర్ అన్సారీ ఆహ్వానం మీద ఢిల్లీ వచ్చి జామియా మిల్లియాలో ఉపన్యాసాలిచ్చారు. ఆ పర్యటనలో హైదరాబాదు కూడా చూశారు. తన పుస్తకంలో ఈ నగరం గురించి వ్రాశారు.

విజయం సిద్ధించిన తరువాత ఏమయింది? 1923 ఏప్రిల్‌లో అంకారా శాసనసభలో ఎన్నికల చట్టం చర్చకు వచ్చింది. ఎంతమంది పురుషులకు ఒక ప్రతినిధి అన్నది లెక్క. తునలి హిల్మీ అనే సభ్యుడు లేచి, ఆ జనసంఖ్యలో స్త్రీలను కూడా లెక్కపెట్టండి అన్నాడు. ఓటు ఇవ్వమని కూడా కాదు, మనుషులుగా లెక్కించమని మాత్రమే. యుద్ధంలో వారు చేసిన సేవను గుర్తు చేశాడు. సభ్యులు కేకలు వేసి, కాళ్ళతో నేలను తన్ని ఆయన మాట సాగనీయలేదు. పొగడ్తకు అందరూ సిద్ధమే. లెక్క దగ్గరకు వచ్చేసరికి సభ గోలపెట్టింది. అదే ఏడు నజీహా ముహియుద్దీన్ నాయకత్వంలో కొందరు స్త్రీలు ఒక రాజకీయ పక్షం స్థాపించబోతే ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. 1924 రాజ్యాంగం ఓటు పురుషులకే అన్నది.

తరువాత స్త్రీలకు పురపాలక ఎన్నికలలో 1930లో, శాసనసభ ఎన్నికలలో 1934 డిసెంబరులో ఓటుహక్కు వచ్చింది. 1935 సార్వత్రిక ఎన్నికలలో 17 మంది స్త్రీలు సభకు ఎన్నికయ్యారు. రిపబ్లిక్ అనుసరించిన మత విధానం గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా, ఫ్రాన్సు స్త్రీకి 1944 దాకా రాని హక్కు ఇది. అయితే దానిని నర్సుల సేవకు ప్రతిఫలం అనడం కష్టం. ఒకే పక్షం ఏలుబడిలో పైనుండి వచ్చిన నిర్ణయం అది. సేవకూ దానికీ మధ్య పన్నెండేళ్ళు గడిచాయి. ఓటు వచ్చిన కొన్ని నెలలకే స్త్రీల సంఘం, ఇక తనకు పని లేదంటూ, రద్దయిపోయింది.

నర్సు వృత్తి మాత్రం తన దారిన తాను నెమ్మదిగా స్థిరపడింది. 1925లో హిలాలె అహ్మర్ ఇస్తాంబూల్‌లో నర్సుల పాఠశాల తెరిచింది. 1954లో నర్సుల చట్టం వచ్చింది. నర్సు అనిపించుకోవడానికి అర్హత, శిక్షణ, రిజిస్ట్రేషను అందులో నిర్ణయించారు. ఆ చట్టం తుర్కీ స్త్రీలు తప్ప మరొకరు ఆ వృత్తి చేయరాదన్నది. ఒకప్పుడు స్త్రీ అడుగుపెట్టరానిదన్న వార్డులో పురుష నర్సుకు చోటు లేకుండా పోయింది. 2007 దాకా ఆ నియమం మారలేదు. 1955లో ఇజ్మీర్‌లోని ఈజియన్ విశ్వవిద్యాలయం నర్సు విద్యను విశ్వవిద్యాలయ స్థాయికి తెచ్చింది. ఐరోపాలోని పెద్ద దేశాలకు అప్పటికి అది లేదు.

ఈ దేశంలో

మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టం 1926లో వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాల నర్సులకు రిజిస్టరు ఏర్పడినది దాని క్రిందనే. రెండవ ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1943లో ఒక ఆర్డినెన్సు ద్వారా మిలిటరీ నర్సులకు కమిషన్డు ఆఫీసరు హోదా లభించింది. బర్మా యుద్ధరంగం నుండి వస్తున్న రోగులకు నర్సులు చాలనప్పుడు వచ్చిన హోదా అది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం, 1947లో, భారత నర్సింగు కౌన్సిల్ చట్టం చేశారు.

హోదా వచ్చినా అది ఎంతవరకు తనదన్న ప్రశ్న మిగిలింది. 1985లో కమిషను పొంది సికింద్రాబాదు మిలిటరీ ఆసుపత్రిలో లెఫ్టినెంటుగా చేరిన ఒక నర్సు 1988లో ఒక సైనికాధికారిని వివాహం చేసుకుంది. వివాహం చేసుకున్న నర్సును ఉద్యోగం నుండి తొలగించవచ్చునని 1977 నాటి సైనిక ఉత్తర్వు ఒకటి ఉండేది. ఆమెను తొలగించారు. అదే వివాహం చేసుకున్న పురుషాధికారికి ఆ నియమం లేదు. ఉత్తర్వును 1995లో ఉపసంహరించుకున్నారు గాని ఆమె ఉద్యోగం తిరిగి రాలేదు. సాయుధ దళాల ట్రిబ్యునల్ 2016లో ఆమె పక్షాన తీర్పు ఇస్తే ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2024 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ నియమం ఏకపక్షమైనదనీ, స్త్రీ గౌరవానికీ సమానత్వానికీ విరుద్ధమైనదనీ ప్రకటించింది. 60 లక్షల రూపాయలు ఎనిమిది వారాలలోగా ఆమెకు చెల్లించమని ఆదేశించింది. తొలగింపు నాటికి, తీర్పు నాటికి మధ్య 35 ఏళ్ళకు పైగా గడిచాయి.